మూడు వేలో మద్ది చెట్టు

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు ఉండేది. ఉండేది అంటే, వానాకాలంలో ఉండేది. ఎండాకాలం వస్తే నీళ్ళు ఎటో వెళ్ళిపోయి ఇసుక మాత్రం మిగిలేది. ఆ ఏటి గట్టు మీద మద్ది చెట్లు ఒకదాని పక్కన ఒకటి, వరుసగా, చూపు ఆనేంత దూరం ఉండేవి. అవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్క ఏనుగవ్వ తప్ప.

ఏనుగవ్వ ఆ అడవి మొత్తానికి పెద్దదిక్కు. కరువు వచ్చిన ఏడు అందర్నీ వెంటబెట్టుకుని గట్టు వెంబడి నడిచేది. నడిచి నడిచి ఒక చోట ఆగి, "ఇక్కడ తవ్వండి" అనేది. అక్కడ ఇసుకలో గుంట తీస్తే అడుగున నీళ్ళు ఊరేవి. అలాంటి గుంటనే చెలమ అంటారు. చెలమ ఎక్కడ పడితే అక్కడ ఊరదు పిల్లలూ. అవ్వ చూపించిన చోటే ఊరేది. వెనకాల నడిచినవాళ్ళు ఒక్కళ్ళూ ఆ చోటు గుర్తుపెట్టుకోలేదు. అవ్వ ఉందిగా, మనకెందుకు అనుకున్నారు. పెద్దవాళ్ళు ఉన్నంత కాలం అందరూ అలాగే అనుకుంటారు.

ఒక వానాకాలంలో అవ్వ కన్నుమూసింది. మిగతా ఏనుగులు అవతలి కొండలకు వెళ్ళిపోయాయి. కన్నుమూసే ముందు అవ్వ అందర్నీ పిలిచి ఒక మాట చెప్పింది.

"తాబేటి గుండు దగ్గర బయల్దేరండి. మూడు వేలో మద్ది చెట్టు కింద తవ్వండి. నేను నూట ఇరవై ఐదు చెట్లకోసారి ఆగి వీపు రుద్దుకునేదాన్ని. అక్కడ బెరడు అరిగి నున్నగా ఉంటుంది. ఆ గుర్తులు చూసుకుంటూ పోండి."

అంతే చెప్పింది. ఆ ఏడే కరువు వచ్చింది.

ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. పొట్టి కాళ్ళు, నేలకు ఆనే పొట్ట, వీపు నిండా ముళ్ళు. జింకలు రాల్చిన కొమ్ములు ఏరుకొచ్చి, వాటిని కొరుక్కుంటూ కూర్చుని ఆలోచించడం ఆమె అలవాటు. ఆమెకు ఇంకో జబ్బు కూడా ఉండేది. ఏది చూసినా "ఎందుకలా?" అని అడగకుండా ఉండలేకపోయేది. చీమలు వరుసగా పోతుంటే ఎందుకలా, రేగుపండు ఒక పక్కే ఎర్రబడితే ఎందుకలా. జవాబు చెప్పలేక సగం అడవి ఆమెను చూస్తే పక్కదారి పట్టేది.

పక్కదారి పట్టనిది ఒక్కతే. చుక్కమ్మ అనే చుక్కల జింక. చుక్కమ్మకు రెండు నెలల కూతురు ఉంది. పేరు బొట్టు. బొట్టు పొద్దున లేస్తే సూదమ్మ గుహ ముందే ఉండేది. సూదమ్మ అడిగే ప్రశ్నలన్నిటికీ తన జవాబులు తాను చెప్పేది. ఒక్కటీ సరైంది కాదు. అయినా సూదమ్మకు అవే ఇష్టం.

అడవిలో ఉన్న ఒక్క మడుగూ ఎండి, బురద కూడా పగుళ్ళు తీసిన రోజున జంతువులన్నీ తాబేటి గుండు దగ్గర చేరాయి. తాబేటి గుండు అంటే తాబేలు ఆకారంలో ఉండే పెద్ద బండ. మద్ది చెట్ల వరుస అక్కడే మొదలవుతుంది. బొట్టు తల్లి కడుపు కింద నిలబడింది. దాని ముక్కు పొడిబారిపోయింది. రెండు రోజుల్నించి చుక్కమ్మకు పాలు సరిగా రావడం లేదు.

"వదినా, రేపటికల్లా నీళ్ళు దొరక్కపోతే దీన్ని నేను నిలబెట్టుకోలేను" అంది చుక్కమ్మ, సూదమ్మ చెవిలో.

"దొరుకుతాయి. అవ్వ చెప్పింది కదా" అంది సూదమ్మ.

"మూడు వేల చెట్లు ఎవరు లెక్కపెడతారు?" అన్నాడు కోరయ్య. కోరయ్య అడవిపంది. తవ్వడంలో అతనంతటివాడు లేడు, లెక్కల్లో మాత్రం నాలుగు దాటితే అన్నీ 'చాలా'యే.

"నేనుండగా మీకు బెంగెందుకు?" అంటూ పైకొమ్మ మీదనుంచి దూకాడు ఒక కొండముచ్చు. పేరు దూకుడయ్య. చెట్టు మీద నుంచి చెట్టు మీదికి దూకుతూ ఎంత దూరమైనా పోగలడు. "ఒక్కో చెట్టూ లెక్కపెట్టడం చిన్నవాళ్ళ పని. నేను పెద్ద అంగలు వేస్తాను. అవ్వ వీపు రుద్దిన చెట్టు కనబడితే నూట ఇరవై ఐదు. ఇంకోటి కనబడితే రెండు వందల యాభై. మీరంతా నా వెనకాల రండి."

అందరికీ నచ్చింది. నచ్చక ఏం చేస్తుంది? మూడు వేలు లెక్కపెట్టాల్సిన చోట ఇరవై నాలుగు లెక్కపెడితే సరిపోతుందంటే ఎవరికి చేదు?

తాబేటి గుండు ఒక పక్కంతా నున్నగా అరిగి ఉంది. అవ్వ బయల్దేరే ముందు అక్కడ కూడా వీపు రుద్దుకునేది. దూకుడయ్య ఆ నున్నటి చోట చెయ్యి వేసి గట్టిగా అన్నాడు.

"నూట ఇరవై ఐదు."

వెనకాల అందరూ అన్నారు, "నూట ఇరవై ఐదు."

సూదమ్మ కూడా అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి పిల్లలూ. సూదమ్మ కూడా అంది.

దూకుడయ్య కొమ్మ పట్టుకుని ముందుకు సాగాడు. కింద ఇసుకలో జంతువుల బారు నడిచింది. బారు చివర సూదమ్మ, చుక్కమ్మ, బొట్టు. కొంత దూరం పోయాక పైనుంచి కేక వినబడింది. "రెండు వందల యాభై." ఇంకొంత దూరం పోయాక "మూడు వందల డెబ్బై ఐదు." ఆ తర్వాత "ఐదు వందలు." అలా "ఆరు వందల ఇరవై ఐదు, ఏడు వందల యాభై, ఎనిమిది వందల డెబ్బై ఐదు." ఆ తర్వాత "వెయ్యి."

"అత్తా, చివర సున్నాలు వచ్చాయి. మూడు సున్నాలు" అంది బొట్టు.

సూదమ్మ నడుస్తూ ఆలోచించింది. ఎనిమిది అంగలు వేస్తే సరిగ్గా వెయ్యి. ముక్క మిగలకుండా, చుక్క ఒలకకుండా. తర్వాత అంగ ఎక్కడ పడుతుంది? వెయ్యిన్నూట ఇరవై ఐదు. మళ్ళీ నూట ఇరవై ఐదే తోకలా వచ్చి తగిలింది. ఆ తర్వాత రెండు వందల యాభై తోక. ఆ తర్వాత మూడు వందల డెబ్బై ఐదు తోక. ఎనిమిది తోకలు వరుసగా వచ్చి, అయిపోగానే మళ్ళీ మొదటి తోక.

"చూశావా బొట్టూ? ఎంత దూరం పోయినా ఆ ఎనిమిది తోకలే తిరిగి తిరిగి వస్తాయి" అంది.

"వేరే అంగలు వేస్తే?"

"ఏది, తొంభై తొమ్మిది వేసి చూడు."

బొట్టుకు అంత పెద్ద లెక్క రాదు. సూదమ్మే చెప్పింది. "తొంభై తొమ్మిది. నూట తొంభై ఎనిమిది. రెండు వందల తొంభై ఏడు. మూడు వందల తొంభై ఆరు."

బొట్టు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అత్తా, చివరి అంకె దిగుతోంది. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు."

"మొదటి అంకె?"

"ఎక్కుతోంది. ఒకటి, రెండు, మూడు." ఇంకొకటి కూడా కనిపెట్టింది. "నడుమ తొమ్మిది మాత్రం ఎటూ కదలడం లేదు. బురదలో పడుకున్న కోరయ్య మావలాగా."

సూదమ్మకు నవ్వు వచ్చింది. ఆ ఎండలో, ఆ దాహంలో నవ్వు రావడం ఎంత గొప్పో అప్పుడామెకు తెలియలేదు. "ప్రతి అంగకూ దాని నడక ఉంటుంది బొట్టూ. ఆ నడక తెలిస్తే అది ఎక్కడ అడుగు పెడుతుందో ముందే చెప్పొచ్చు" అంది.

అలా మాట్లాడుకుంటూ "వెయ్యి" అన్న చెట్టు దాటారు. తర్వాతి నున్నటి చెట్టు దగ్గర పైనుంచి కేక వచ్చింది. "వెయ్యిన్నూట ఇరవై ఐదు."

సూదమ్మ ఆ చెట్టు కింద నుంచి పోబోతూ ఆగింది. పైన, కొండముచ్చు చెయ్యి వేసిన ఎత్తులో, ఒక నున్నటి మచ్చ ఉంది. అది అవ్వ వీపు ఎత్తు. కానీ కింద, చెట్టుకు అటుపక్కన, ఇంకో నున్నటి మచ్చ ఉంది. చిన్నది. సూదమ్మ మునికాళ్ళ మీద లేస్తే ముక్కు ఆనేటంత ఎత్తులో ఉంది. ఇంతవరకు ఏ చెట్టుకూ అలా రెండు లేవు.

"ఎందుకలా?" అంది సూదమ్మ.

"మొదలైంది" అన్నాడు కోరయ్య ముందు నుంచి.

"దూకుడయ్యన్నా, ఈ చెట్టుకు కింద ఇంకో గుర్తు ఉంది. మిగతావాటికి లేదు."

దూకుడయ్య పైనుంచి తల వంచి చూశాడు. అంత పైనుంచి అది కనబడదు. దిగి చూడటానికి ఓపిక లేదు. "ఏ పందో ఒళ్ళు గోక్కుని ఉంటుంది. నడు" అన్నాడు.

"పంది మీదికి తోస్తారు ఎప్పుడూ" అని గొణిగాడు కోరయ్య.

సూదమ్మ నడిచింది. కానీ ఆ రెండో మచ్చ ఆమె బుర్రలో పంటి కింద రాయిలా ఉండిపోయింది. ప్రతి నున్నటి చెట్టు దగ్గరా ఆగి కింద వెతికింది. పన్నెండు వందల యాభై దగ్గర లేదు. పదిహేను వందల దగ్గర లేదు. దూకుడయ్య "రెండు వేలు" అని కేక వేసిన చోట అయితే చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. లేదు.

దాని తర్వాతి నున్నటి చెట్టు దగ్గర ఉంది.

"రెండు వేల నూట ఇరవై ఐదు" అంటున్నాడు పైన దూకుడయ్య. కింద అదే చిన్న మచ్చ, అదే ఎత్తులో, అటుపక్కనే.

అప్పటికి పొద్దు వాలింది. ఆ చెట్టు కిందే అందరూ పడుకోవడానికి చేరారు. సూదమ్మ లెక్క వేసుకుంది. మొదటి చిన్న మచ్చకీ రెండో చిన్న మచ్చకీ నడుమ ఎనిమిది అంగలు. అంటే సరిగ్గా వెయ్యి చెట్లు. ఎవరో వెయ్యి చెట్లకొకసారి ఈ గుర్తు పెట్టారు. పెట్టేవాళ్ళు వెయ్యి దగ్గర, రెండు వేల దగ్గర పెట్టుకోరూ? వెనకాల ఈ నూట ఇరవై ఐదు తోక ఏమిటి?

దూకుడయ్య కొమ్మ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే కిందనుంచి ఈ మాటే అడిగింది.

దూకుడయ్యకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. అది ఇంకా కష్టం. "సూదమ్మా, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట. నీ కాళ్ళకు ఈ బారు వెనకాల నడవడమే ఎక్కువ. వేలలో లెక్కలు నీకెందుకు? నా లెక్క ఎక్కడైనా తప్పిందా చెప్పు. నూట ఇరవై ఐదు, రెండు వందల యాభై, మూడు వందల డెబ్బై ఐదు, ఐదు వందలు. ఒక్కటైనా వరుస తప్పిందా?"

సూదమ్మ ఆలోచించింది. వరుస తప్పలేదు. ఎనిమిది తోకలూ చక్కగా వచ్చాయి. తను కూడా వాటిని చూసి మురిసిపోయింది.

"తప్పలేదన్నా" అంది.

"మరి ముసలి ఏనుగు. ఒక అంగ అటూ ఇటూ ఆగి ఉంటుంది. వయసు మీద పడితే అంతే" అని దూకుడయ్య కళ్ళు మూసుకున్నాడు.

సూదమ్మకు ఆ మాట నచ్చలేదు. అవ్వను అలా అనడం ఎవరికైనా నచ్చదు. కానీ జవాబు లేదు. జవాబు లేనప్పుడు నోరు మూసుకోవడం మంచిదే. కానీ బుర్ర మూసుకోకూడదు.

తెల్లవారుతూనే బయల్దేరారు. బొట్టు నడక తడబడుతోంది. పది చెట్లు నడిచి కూలబడుతోంది. చుక్కమ్మ ముక్కుతో నెట్టి లేపుతోంది. నిన్న అంత కబుర్లు చెప్పిన పిల్ల ఈ రోజు ఒక్క మాట మాట్లాడలేదు.

"రెండు వేల రెండు వందల యాభై" అన్నాడు పైన దూకుడయ్య. ఈసారి వెనకాల అనే ఓపిక ఎవరికీ లేదు. ఒక్కో కేక వినబడినప్పుడల్లా అందరూ అటు చూశారు, అంతే. చివరికి ఆ కేక వినబడింది.

"మూడు వేలు."

అందరూ ఇసుకలోకి పరుగెత్తారు. కోరయ్య తవ్వడం మొదలెట్టాడు. కోరలతో చీల్చి, గిట్టలతో వెనక్కి తోసి, మోకాలి లోతు తవ్వాడు. పొడి ఇసుక. ఛాతీ లోతు తవ్వాడు. పొడి ఇసుక. తల కనబడనంత లోతు తవ్వి పైకి వచ్చాడు. ముక్కు నిండా ఇసుక.

"ఇక్కడ చెమ్మ వాసన కూడా లేదు" అన్నాడు.

ఇంతలో దూకుడయ్య చెట్టు దిగాడు. "నేను ముందే చెప్పాను. అవ్వకు వయసైపోయి లెక్క మరిచిపోయింది. ఇక్కడ కూర్చుంటే అందరం ఎండుతాం. ఎండ ముదరక ముందే కొండ దాటి మేకల మడుగుకు పోదాం పదండి."

మేకల మడుగు అనగానే చుక్కమ్మ బొట్టుకు ఆనుకుని నిలబడింది. అక్కడ నీళ్ళు ఉంటాయి, నిజమే. ఆ నీళ్ళ దారిలో వేటగాళ్ళు ఉచ్చులు కూడా పెడతారు. పోయిన ఎండాకాలంలో చుక్కమ్మ చెల్లెలు ఆ దారినే పోయి తిరిగి రాలేదు. పైగా కొండ ఎక్కాలి. ఎక్కడానికి బొట్టుకు కాళ్ళు నిలబడాలి కదా.

"వదినా, నేనేం చెయ్యను?" అంది చుక్కమ్మ.

సూదమ్మ నున్నటి చెట్టు దగ్గరికి వెళ్ళింది. పైన ఒక మచ్చ. కింద ఏమీ లేదు. ఇక్కడ ఉండదని ఆమెకు ముందే తెలుసు. ఆ వరుస ప్రకారం మూడో చిన్న మచ్చ ఇంకొక అంగ అవతల ఉండాలి. అంతవరకు తెలిసింది. ఎందుకు ఉండాలో మాత్రం ఇంకా తెలియలేదు.

అటు పోయి వెతకాలంటే నూట ఇరవై ఐదు చెట్లు నడవాలి. మిగిలిన ఈ కాస్త చల్లటి పొద్దూ అందులో అయిపోతుంది. అక్కడా నీళ్ళు లేకపోతే నడినెత్తిన ఎండలో కొండ ఎక్కాలి. బొట్టు ఎక్కలేదు. తన మాట తప్పయితే బొట్టు ప్రాణం పోతుంది. తన మాట నిజమై, అది చెప్పకపోయినా పోతుంది.

"ఆగండి" అంది. ఎవరూ ఆగలేదు. అప్పుడు వీపు మీది ముళ్ళన్నీ లేపి దారికి అడ్డంగా నిలబడింది. ముళ్ళు గలగలమన్నాయి. అందరూ ఆగారు. ముళ్ళు లేచిన ముళ్లపందిని దాటుకుని పోయే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"దూకుడయ్యన్నా, ఒక్క మాట. మొదటి చిన్న మచ్చ వెయ్యి దగ్గర కాకుండా ఒక అంగ అవతల ఉంది. రెండోది రెండు వేల దగ్గర కాకుండా ఒక అంగ అవతల ఉంది. దారి నడుమ ఎక్కడైనా తప్పి ఉంటే మొదటిది సరిగ్గా ఉండి రెండోది తప్పాలి కదా. రెండూ ఒకే అంగ తప్పాయి. అంటే తప్పు వెయ్యి కంటే ముందే జరిగింది. మనం మొదట ఏం చేశాం?"

"ఏం చేశాం? తాబేటి గుండు దగ్గర బయల్దేరాం."

"అక్కడ ఏమన్నావు?"

"గుండు నున్నగా ఉంది. అవ్వ వీపు రుద్దిన చోటు. నూట ఇరవై ఐదు అన్నాను. నువ్వూ అన్నావుగా?"

"అన్నాను" అంది సూదమ్మ. అని, బొట్టు వైపు తిరిగింది. బొట్టు ఇసుకలో కూలబడి ఉంది. "తల్లీ, ఇప్పుడు నువ్వు ఎన్ని అడుగులు వేశావు?"

బొట్టు పొడి నాలుకతో మెల్లగా అంది. "నేనింకా వెయ్యలేదుగా అత్తా. కూర్చునే ఉన్నాను."

"ఎన్ని అయినట్టు?"

"సున్నా."

సూదమ్మ దూకుడయ్య వైపు చూసింది. "గుండు దగ్గర మనం ఎన్ని చెట్లు దాటాం అన్నా?"

దూకుడయ్య తోక మెల్లగా కిందికి వాలింది. గుండు దగ్గర ఒక్క చెట్టూ దాటలేదు. ఇంకా బయల్దేరనే లేదు. బయల్దేరని చోటుకు నూట ఇరవై ఐదు పేరు పెట్టేశాడు. అక్కడి నుంచి ప్రతి అంగా సరైనదే. ప్రతి తోకా సరైనదే. మొదటికే మోసం వచ్చింది.

"ఒకటొకటిగా లెక్కపెట్టి ఉంటే ఈ తప్పుకు ఒక చెట్టు తేడా వచ్చేది" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "నా అంగ పెద్దది. అందుకని నూట ఇరవై ఐదు చెట్లు పోయాయి."

"పోలేదన్నా. ముందున్నాయి" అంది సూదమ్మ. "పదండి."

ఈసారి అంగలు లేవు. ఒకటి, రెండు, మూడు అంటూ ఒక్కో చెట్టూ చేత్తో తాకుతూ దూకుడయ్య నేల మీద నడిచాడు. కొండముచ్చు నేల మీద నడవడం ఆ అడవిలో చాలామంది అప్పుడే చూశారు. కోరయ్య కిందికి వంగితే బొట్టును అతని వీపు మీదికి ఎక్కించారు. అలవాటు లేని పని కాబట్టి అతను పక్కకు ఒరిగిపోతూ నడిచాడు. నాలుగు దాటితే లెక్క రాని కోరయ్య కూడా అందరితో కలిసి అన్నాడు. యాభై. డెబ్బై ఐదు. వంద. సూదమ్మకు గొంతు ఎండిపోయి మాట రావడం లేదు. పెదాలతో మాత్రం అనుకుంటోంది. నూట ఇరవై మూడు. నూట ఇరవై నాలుగు.

నూట ఇరవై ఐదో మద్ది దగ్గర ఆగారు. పైన ఒక నున్నటి మచ్చ ఉంది. సూదమ్మ చెట్టుకు అటుపక్కకు వెళ్ళింది. మునికాళ్ళ మీద లేచింది. ముక్కు నున్నటి బెరడుకు తగిలింది.

"ఉంది" అంది. ఆ ఒక్క మాట అనేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడవిలో ఆ రోజు కనబడిన మొదటి నీళ్ళు అవే.

కోరయ్య బొట్టును దింపి ఇసుకలోకి ఉరికాడు. మోకాలి లోతు తవ్వాడు. ఇసుక రంగు మారింది. ఛాతీ లోతు తవ్వాడు. ఇసుక ముద్దకట్టింది. ఇంకాస్త తవ్వి వెనక్కి జరిగాడు. గుంట అడుగున, గిట్ట పడిన చోట, మెల్లగా, కంగారు లేకుండా నీళ్ళు ఊరాయి.

అందరికంటే ముందు బొట్టు తాగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, అందరూ పక్కకు తప్పుకున్నారు. మూతి ముంచి తాగింది. తాగి, దగ్గి, మళ్ళీ తాగింది. చుక్కమ్మ దాని మెడ నాకుతూ నిలబడింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ తాగారు. దూకుడయ్య అందరికంటే చివర తాగాడు.

తాగి వచ్చి సూదమ్మ పక్కన కూర్చున్నాడు. "నేను అవ్వకు లెక్క రాదన్నాను. నీకూ రాదన్నాను" అన్నాడు.

"నువ్వు గుండు దగ్గర నూట ఇరవై ఐదు అన్నప్పుడు నేనూ అన్నాను కదా" అంది సూదమ్మ. "తోకలు అంత బాగా కుదిరేసరికి నేనే మురిసిపోయాను. వరుస బాగుందని చూశానే కానీ మొదలు చూడలేదు. నీ అంగలు లేకపోతే మాత్రం మనం ఇంకా ఐదు వందల దగ్గర లెక్క మరిచిపోయి కొట్టుకుంటూ ఉండేవాళ్ళం."

దూకుడయ్య లేచి చెట్టుకు అటుపక్కకు వెళ్ళి, వంగి, మొదటిసారి ఆ చిన్న మచ్చను చూశాడు. "ఇంత కిందగా ఎవరు రుద్దారు?" అన్నాడు. "అవ్వ వీపు ఇంత కిందికి రాదు."

అదే ప్రశ్న సూదమ్మ ఆ దారంతా అడుగుతూ వచ్చింది. జవాబు బొట్టు చెప్పింది. నీళ్ళు తాగి కాళ్ళలోకి బలం వచ్చాక బొట్టు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి, తన పక్కను ఆ నున్నటి చోట ఆనించి రుద్దుకుంది. మచ్చ దాని వీపు కంటే కాస్త పైన ఉంది. ఇంకొంచెం పెద్ద పిల్లకు సరిగ్గా సరిపోతుంది.

"ఎవరో పిల్ల అత్తా" అంది. "వాళ్ళ అవ్వ వెనకాల నడిచి నడిచి అలిసిపోయింది. వెయ్యి అయితేగానీ కూర్చోనివ్వరు కదా."

ఎందుకలా అన్న ప్రశ్నలకు బొట్టు చెప్పిన జవాబుల్లో సరైంది ఆ ఒక్కటే. సూదమ్మ ఆ మచ్చ వైపు చాలాసేపు చూసింది. ఏనుగవ్వ కూడా ఒకప్పుడు ఏనుగు పిల్లే. ఆమెకు ఈ లెక్క వాళ్ళ అవ్వ నేర్పింది. ఆ అవ్వకు ఇంకో అవ్వ. మంద వెంట నడిచిన ప్రతి పిల్లా వెయ్యికోసారి ఇక్కడ ఆగి, అలసట తీర్చుకుని, ఒళ్ళు రుద్దుకుని పోయింది. పెద్దవాళ్ళు అంగలు లెక్కపెట్టారు. ఆ లెక్క సరైనదో కాదో చెప్పే గుర్తు మాత్రం పిల్లలు పెట్టారు.

ఆ తర్వాత ఎన్ని కరువులు వచ్చినా ఆ అడవిలో ఎవరూ దాహంతో పోలేదు. తాబేటి గుండు దగ్గర బయల్దేరే ముందు అందరూ ఆగుతారు. అందరికంటే చిన్నపిల్లను ముందుకు పిలిచి, గుండు మీద కాలు వేయించి, "ఇప్పటికి ఎన్ని?" అని అడుగుతారు. ఆ పిల్ల "సున్నా" అన్నాకే దూకుడయ్య కొమ్మ పట్టుకుంటాడు. మొదటిసారి ఆ మాట అన్నది బొట్టు.

వాళ్ళు చెలమ దగ్గర హాయిగా ఉన్నారు, మనం చాప మీద హాయిగా ఉన్నాం.

నీతి: పెద్ద అంగలు వేసేవాళ్ళకు మొదట్లో గోరంత తప్పు చివరికి కొండంత అవుతుంది. వరుస ఎంత చక్కగా కుదిరినా, ఎక్కడ మొదలుపెట్టామో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.